హోటల్ కిచెన్‌కి ఫ్రెష్ ఎయిర్ యూనిట్లు: బెజవాడ, గుంటూరు పాత మేడల్లో ఏది కొనొచ్చు, ఏది వద్దు

గవర్నర్‌పేటలోనో, వన్‌టౌన్‌లోనో, గుంటూరు బ్రాడీపేటలోనో పాత మేడ కింద హోటల్ నడిపేవాళ్ళు "చిమ్నీ లాగట్లేదు" అనిపించగానే చేసే మొదటి పని బ్లోయర్ మార్చడం. రెండు హెచ్‌పీ తీసి మూడు పెడతారు, మూడు తీసి ఐదు పెడతారు. మోత పెరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, పొగ మాత్రం బజ్జీల మూకుడు మీద అలాగే తిరుగుతుంటుంది. చాలాచోట్ల లోపం బ్లోయర్‌లో ఉండదు. బయటికి పోయే గాలికి బదులుగా లోపలికి రావాల్సిన గాలికి దారి ఉండదు. మేకప్ ఎయిర్ అనీ, ఫ్రెష్ ఎయిర్ అనీ మన దగ్గర అమ్ముతున్న యూనిట్లు ఆ దారి కోసమే. వాటిలో ఈ ఊళ్ళ ఎండకి, ఈ పాత గోడలకి ఏది సరిపోతుందో చెప్పడానికే ఈ రివ్యూ.

ఒక మాదిరి కిచెన్‌ను లెక్కకు తీసుకుందాం. గోడ వారగా దోసె పెనం, రెండు బర్నర్ల చైనీస్ రేంజ్, ఫ్రయర్, ఇడ్లీ స్టీమర్. వాటి మీద 11 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు హుడ్, అంటే పొగను పట్టి పైకి పంపే రేకు గొడుగు. హుడ్ నోటి విస్తీర్ణం 44 చదరపు అడుగులు, నిమిషానికి 100 అడుగుల వేగంతో లాగితే 4,400 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి. ఇంకో లెక్క కూడా ఉంది. అమెరికాలో భవనాలకి వాడే ఇంటర్నేషనల్ మెకానికల్ కోడ్ ప్రకారం గోడకి ఆనించిన హుడ్ కింద చైనీస్ రేంజ్ లాంటి పెద్ద మంట ఉంటే అడుగు పొడవుకి 400 సీఎఫ్ఎం చొప్పున లాగాలి. అలా చూసినా 4,400 వస్తుంది. హుడ్ నాలుగు వైపులా తెరిచి కిచెన్ మధ్యలో వేలాడుతుంటే అడుగుకి 600 కావాలి. అందుకే పాత మేడల్లో పొయ్యిలన్నీ గోడకి చేర్చడం సగం పని చేసినట్టే. బొగ్గు తందూరు ఈ లెక్కలోకి రాదు. దానికి డక్టు విడిగా ఉండాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ 4,400 లోపలికి ఎటు నుంచి వస్తుంది? కిచెన్‌లో నెగటివ్ ప్రెషర్ (బయటికన్నా లోపల గాలి ఒత్తిడి తగ్గడం, కొలత పాస్కల్స్‌లో) 5 పాస్కల్స్ దాటకూడదని అమెరికా అగ్నిభద్రతా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 96 చెబుతుంది. ఆ హద్దులో ఇంత గాలి దానంతటదే రావాలంటే సుమారు 13 చదరపు అడుగుల కంత కావాలి. అంటే వెనక తలుపు బార్లా తెరిచి ఉండాలి. వంట మాస్టర్లు ఎంత చెప్పినా వెనక తలుపు మూయనివ్వకపోవడానికి కారణం ఇదే, అది వాళ్ళ మొండితనం కాదు. ఈగలొస్తాయనో, పిల్లులొస్తాయనో, తనిఖీకి వస్తారనో తలుపు మూసిన మరుక్షణం చిమ్నీ డీలా పడుతుంది. ప్రెషర్ తేడా 50 పాస్కల్స్‌కి చేరితే మూడడుగులు బై ఏడడుగుల తలుపు మీద పది కేజీల బరువు పడినట్టు. సర్వర్ ట్రే పట్టుకుని భుజంతో నెట్టాల్సి వస్తుంది, వదలగానే తలుపు ధడేలున కొట్టుకుంటుంది.

మిగతా లక్షణాలు కూడా ఓనర్లకు తెలిసినవే, కాకపోతే వాటిని ఒక్కచోట పెట్టి చూడరు. టాయిలెట్ వాసన డైనింగ్‌లోకి వస్తుంది. వాష్ ఏరియా ట్రాపుల్లోంచి డ్రైనేజీ కంపు ఎగదన్నుతుంది. బర్నర్ మంట ఒక పక్కకి వాలుతుంది, పసుపు రంగుకి తిరిగి గిన్నె అడుగున మసి పట్టిస్తుంది. గుంటూరు మిరపకాయతో పోపు వేసినప్పుడు ఆ ఘాటు హుడ్‌లోకి పోకుండా హాల్లోకి వస్తే ముందు టేబుల్ దాకా అందరూ దగ్గుతారు. ఇవన్నీ ఒకే జబ్బు.

డబ్బు పోయేది మాత్రం ఏసీ దగ్గర. మన హోటళ్ళలో ఎక్కువగా ఉండేవి స్ప్లిట్లు, క్యాసెట్లు. అవి లోపలి గాలినే తిప్పుతాయి తప్ప బయటి గాలి తేవు. కిచెన్‌కి సొంత దారి లేకపోతే 4,400 సీఎఫ్ఎం ముందు తలుపులోంచి వచ్చి, డైనింగ్ హాల్లో చల్లబడి, కిచెన్‌లోకి పోయి, హుడ్‌లోంచి మేడ మీదికి పోతుంది. బయట 42 డిగ్రీలు, లోపల 25 అనుకుంటే ఆ గాలి వేడి తీయడానికే 11 టన్నుల పైన ఏసీ కావాలి. తేమ తీయడం దానికి అదనం. "ఎన్ని ఏసీలు పెట్టినా హాలు చల్లబడట్లేదు" అనేవాళ్ళు ఇంకో ఏసీకి కొటేషన్ అడిగే ముందు కిచెన్ తలుపు సందులో ఒక టిష్యూ పేపర్ ముక్క పట్టుకుని చూడాలి. అది కిచెన్ వైపు అడ్డంగా లేచి నిలబడితే ఏసీ మీద పెట్టే డబ్బు చిమ్నీలోంచి పోతున్నట్టే.

ఇక అమ్ముతున్న రకాలు.

గోడకి బిగించే ప్రొపెల్లర్ ఫ్యాన్ తిరగేసి ఫ్రెష్ ఎయిర్ అని ఇచ్చేవాళ్ళున్నారు. కంతలోంచి నేరుగా లోపలికి కొడితే కొంత పనిచేస్తుంది. దానికి ఫిల్టరు, డక్టు, జాలీ తగిలిస్తే పది మిల్లీమీటర్ల నీటి మట్టం ప్రెషర్ (నీటిని పది మిల్లీమీటర్లు ఎత్తేంత ఒత్తిడి) దగ్గరే చేతులెత్తేస్తుంది. పైగా ఆ గాలి ఒకే ధారగా వచ్చి హుడ్ కింద పొగను చెదరగొడుతుంది. వద్దు.

హుడ్ లోపలే గాలి వదిలే రకాన్ని షార్ట్ సర్క్యూట్ హుడ్ అంటారు. "80 శాతం గాలి హుడ్‌లోనే ఇస్తాం, కిచెన్ గాలి వాడనే వాడదు" అని చెప్పి అమ్ముతారు. వినడానికి బాగుంటుంది. కానీ హుడ్‌లోకి ఇచ్చే గాలి లాగే గాలిలో సుమారు 15 శాతం దాటితే పొగ అంచుల్లోంచి బయటికి పొర్లుతుంది. పొగని లాగాల్సిన బ్లోయర్ తానే ఇచ్చిన గాలిని తాను లాగుతూ కూర్చుంటుంది. అందరికన్నా తక్కువ ధర చెప్పినా దీన్ని కొనకండి.

ఫిల్టర్‌తో వచ్చే క్యాబినెట్ బ్లోయర్, చల్లదనం ఏమీ లేనిది, చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ మంచి వస్తువు. తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండుకల్లా షట్టర్ దించే టిఫిన్ సెంటర్‌కి ఇదే చాలు. ఎండ ముదిరేసరికి పొయ్యి ఆరిపోతుంది కాబట్టి చల్లబరిచే యూనిట్ మీద డబ్బు పెట్టడం దండగ. బరువు తక్కువ, నీళ్ళ గొడవ లేదు, గోడ బ్రాకెట్ మీద కూర్చుంటుంది.

మధ్యాహ్నం భోజనాలు, బిర్యానీ, సాయంత్రం చైనీస్ నడిపే హోటళ్ళకి మా ఓటు ఎయిర్ వాషర్‌కే. తడి ప్యాడ్ల గుండా బయటి గాలిని లాగి, చల్లబరిచి, డక్టులోంచి కిచెన్‌లోకి ఇచ్చే యూనిట్ ఇది. బయట 42 డిగ్రీలుండి వెట్ బల్బ్ (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే వేడి) 27 ఉన్న మే మధ్యాహ్నం, 6 అంగుళాల మందం ప్యాడ్ 80 శాతం పనిచేసిందనుకుంటే 30 డిగ్రీల గాలి వస్తుంది. పొయ్యి ముందు నిలబడే మనిషికి ఇది ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. సెప్టెంబరులో బయట 32, వెట్ బల్బ్ 27 ఉన్న రోజు అదే ప్యాడ్ నాలుగు డిగ్రీలే తగ్గిస్తుంది, బదులుగా గాలిని ఆవిరిలా చేస్తుంది. ఆ నెలల్లో పంపు ఆపి ఫ్యాన్ మాత్రం నడపాలి. అందుకే పంపుకి, ఫ్యాన్‌కి స్విచ్‌లు విడిగా ఉన్న యూనిట్‌నే తీసుకోండి. ఈ చిన్న విషయం చాలా ప్యానెళ్ళలో ఉండదు.

రెండు దశల్లో చల్లబరిచే యూనిట్లు ఇంకా బాగా పనిచేస్తాయి. కానీ ఆ సైజు, ఆ బరువు పాత మేడకి సరిపడవు. ఏసీ కాయిల్‌తో ఫ్రెష్ ఎయిర్ ఇవ్వడం కూడా కుదురుతుంది. కానీ 4,400లో 80 శాతం యూనిట్ ఇవ్వాలి (ఎందుకో కింద చెప్తాం), ఆ 3,500 సీఎఫ్ఎంని 42 నుంచి 28కి దించాలంటే తేమ లెక్క వదిలేసినా ఏడు టన్నుల పైన ఏసీ నడవాలి, ఆ గాలంతా కాసేపట్లో చిమ్నీ పాలే.

ఎయిర్ వాషర్ కొనేటప్పుడు చూడాల్సింది బాడీ మెరుపు కాదు, ప్యాడ్ విస్తీర్ణం. ప్యాడ్ ముందు గాలి వేగం నిమిషానికి 450 అడుగుల దగ్గర ఉండాలి. 500 దాటితే నీటి తుంపరలు గాలితో పాటు డక్టులోకి వచ్చి జాలీల్లోంచి పిండి డబ్బాల మీద పడతాయి. 3,500 సీఎఫ్ఎంకి 450 చొప్పున దాదాపు 8 చదరపు అడుగుల ప్యాడ్ ఉండాలి. 5 చదరపు అడుగులు పెట్టి అదే కెపాసిటీ అని బోర్డు తగిలించిన యూనిట్లు మార్కెట్లో కనిపిస్తాయి. టేపు పెట్టి కొలిచి లెక్క వేసుకోండి. 4 అంగుళాల ప్యాడ్ చౌక, చల్లదనం తక్కువ. 6 అంగుళాలది తీసుకోవడం మంచిది.

నీళ్ళ లెక్క: 3,500 సీఎఫ్ఎంని 12 డిగ్రీలు దించితే గంటకి దగ్గర దగ్గర 35 లీటర్లు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, అందులోని ఉప్పు కాదు. అది ట్యాంకులోనే చిక్కబడుతుంది. బోరు నీళ్ళయితే ఒక్క ఎండాకాలంలోనే ప్యాడ్ ముందు భాగం తెల్లగా గట్టిపడి, గాలి దారి మూసుకుపోతుంది. కాబట్టి గంటకి ఇంకో 15 నుంచి 20 లీటర్లు కావాలనే డ్రెయిన్‌కి వదలాలి. ట్యాంకు ఓవర్‌ఫ్లో దగ్గర చిన్న కాక్ పెట్టి సన్నధార వచ్చేలా తిప్పి ఉంచితే చాలు. నీళ్ళు వృథా అని దాన్ని మూసేసేవాళ్ళు తర్వాత ప్యాడ్లు కొనుక్కుంటారు. రాత్రి పంపు ఆపాక ఫ్యాన్‌ని పావుగంట నడిపి ప్యాడ్ ఆరనివ్వాలి. ఆరని ప్యాడ్‌కి నాచు, ముక్కిన వాసన పడతాయి.

ఇక పాత మేడ సంగతి. 4,400 లాగుతుంటే దాన్లో 80 శాతం, అంటే 3,500 యూనిట్ ఇవ్వాలి, మిగతా 900 డైనింగ్ నుంచి రావాలి. మొత్తం 4,400 యూనిట్ నుంచే ఇస్తే కిచెన్ వాసన, తడిగాలి హాల్లోకి నెట్టుకొస్తాయి. కిచెన్ ఎప్పుడూ డైనింగ్ కన్నా కొంచెం నెగటివ్‌లోనే ఉండాలి.

గాలి తీసుకునే లూవర్‌కి (ఏటవాలు రేకుల జాలీకి) చోటు వెతుక్కోవాల్సిన పని లేదు. పాత గోడల్లో ఉండే 4 అడుగులు బై మూడున్నర అడుగుల కిటికీ అంటే 14 చదరపు అడుగులు. లూవర్ రేకులు సగం కప్పేసినా 7 చదరపు అడుగులు ఖాళీ మిగులుతుంది. 3,500 సీఎఫ్ఎం నిమిషానికి 500 అడుగుల వేగంతో హాయిగా వస్తుంది, వాన చినుకు లోపలికి ఈడ్చుకురాదు. సున్నం గోడకి కొత్తగా కంత కొట్టేకంటే, తలదూలం అప్పటికే ఉన్న కిటికీని వాడటం ఎంతో మేలు. అయితే ఆ కిటికీ ఎటు తెరుచుకుంటుందో చూడాలి. పాత లాడ్జీ మేడల్లో మధ్యలో ఉండే వెంటిలేషన్ షాఫ్ట్‌లోకి అన్ని అంతస్తుల టాయిలెట్లూ తెరుచుకుంటాయి. అందులోంచి గాలి తీసుకోకూడదు, అందులోకి ఎగ్జాస్ట్ వదలకూడదు. ఎగ్జాస్ట్ నోటికీ ఫ్రెష్ ఎయిర్ నోటికీ మధ్య కనీసం పదడుగులుండాలి. పక్కవాడి చిమ్నీ, జనరేటర్ పొగగొట్టం కూడా ఈ లెక్కలోకి వస్తాయి. వన్‌టౌన్ సందుల్లో సొంత ఎగ్జాస్ట్ కన్నా పొరుగు హోటల్ ఎగ్జాస్టే దగ్గరగా ఉంటుంది.

కిటికీని యూనిట్‌కి ఇచ్చేస్తూ గోడ అడుగున ఉన్న పాత జాలీలు కూడా సిమెంటుతో మూసేస్తుంటారు. అది ప్రమాదం. ఎల్పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. కింది జాలీలు తెరిచే ఉండాలి.

మేడ మీద పెట్టాలనుకుంటే కప్పు ఏ రకమో ముందు చూడండి. టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నం పోసిన మద్రాస్ టెర్రస్ అయితే దాని నడుమ మీద యూనిట్ పెట్టనే కూడదు. ట్యాంకులో వంద లీటర్లుంటే నీళ్ళే వంద కేజీలు, దానికి మోటారు అదురు తోడు. ఒక బరువు మోసే గోడ నుంచి ఇంకో గోడ మీదికి ఐరన్ ఛానళ్ళు వేసి, వాటి మీద స్ప్రింగు మౌంట్లతో కూర్చోబెట్టాలి. యూనిట్ కింద ట్రే, ట్రే నుంచి పైపు డ్రెయిన్ దాకా. ఓవర్‌ఫ్లో నీళ్ళు కప్పు మీదికి వదిలితే దూలాలు నానిపోయాక గానీ ఎవరికీ తెలియదు. బ్లోయర్‌కీ డక్టుకీ మధ్య కాన్వాస్ జాయింట్ లేకపోతే మోత పై అంతస్తు గదుల్లోకి నేరుగా పోతుంది.

గాలి ఎంత తెచ్చారన్న దానికన్నా ఎక్కడ వదిలారన్నదే ఎక్కువ పాడు చేస్తుంది. ఏసీ పనులు చేసే కాంట్రాక్టర్లు అలవాటు కొద్దీ ఫాల్స్ సీలింగ్‌లో నాలుగు వైపులా గాలి చిమ్మే డిఫ్యూజర్ పెడతారు. అది హుడ్‌కి దగ్గరైతే పొగ మొత్తాన్ని బయటికి తోస్తుంది. హుడ్ అంచు దగ్గర గాలి వేగం నిమిషానికి 75 అడుగులు దాటకూడదు. మన మాదిరి కిచెన్‌లో హుడ్ ముందు అంచు వెంట 11 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు చిల్లుల రేకు పెట్టె కట్టి అందులోంచి 2,000 సీఎఫ్ఎం కిందికి మెల్లగా దించితే మాస్టర్ తల మీద చల్లగా పడుతుంది, పొగ కదలదు. మిగతా 1,500 ఎదురు గోడ నుంచి, కటింగ్ టేబుల్ వైపు వదలాలి. ఇంత చేశాక కూడా వంటవాళ్ళ వెనక పెడస్టల్ ఫ్యాన్ తిరుగుతుంటే అంతా వృథా. ఆ ఫ్యాన్ తీసేయగలగడమే మంచి యూనిట్‌కి గుర్తు.

డక్టు, హుడ్ రేకు పనికి బెజవాడ ఆటోనగర్ షెడ్లలో మంచి పనివాళ్ళున్నారు. వెల్డింగ్ శుభ్రంగా వస్తుంది, సైజు చెబితే అదే సైజు ఇస్తారు. అయితే ఎంత గాలి కావాలో లెక్క మనమే ఇవ్వాలి. ఎగ్జాస్ట్ డక్టు 16 గేజి ఎంఎస్ (మామూలు ఉక్కు రేకు) లేదా 18 గేజి స్టెయిన్‌లెస్, అతుకులన్నీ నూనె కారకుండా పూర్తిగా వెల్డింగ్, ప్రతి మలుపు దగ్గరా తెరిచే మూత. 20 బై 18 అంగుళాల సైజు 4,400కి సరిపోతుంది. ఫ్రెష్ ఎయిర్ డక్టుకి మామూలు జీఐ (జింకు పూత రేకు) చాలు, 24 బై 18. రెండింట్లోనూ ముడతల ఫ్లెక్సిబుల్ పైపు వాడనివ్వకండి. ఎగ్జాస్ట్‌కి వెనక్కి వంగిన రెక్కల బ్లోయర్, మోటారు గాలి దారికి బయట ఉండేది తీసుకోవాలి. ముందుకు వంగిన చిన్న రెక్కలది చౌకే కానీ జిడ్డు పట్టి నెలల్లోనే పూడిపోతుంది.

రెండు బ్లోయర్లకీ ఒకటే స్విచ్ ఉండాలి. ఎగ్జాస్ట్ ఆగితే ఫ్రెష్ ఎయిర్ ఆగిపోవాలి, లేకపోతే పొగ హాల్లోకి పోతుంది. నిప్పంటుకుంటే మాత్రం ముందు ఆగాల్సింది ఫ్రెష్ ఎయిర్. వీఎఫ్‌డీ (మోటారు స్పీడు తగ్గించి పెంచే పెట్టె) పెట్టుకుంటే మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఖాళీ వేళ స్పీడు 80 శాతానికి దించొచ్చు, అప్పుడు మోటారు తీసుకునే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. రెండింటినీ కలిపే దించాలి.

పని అయ్యాక ఎక్కడ తేడా వస్తుందో కూడా చెప్పాలి. కేబుల్ మార్చినప్పుడు ఫేజు తారుమారైతే బ్లోయర్ వెనక్కి తిరుగుతుంది. ప్రొపెల్లర్ ఫ్యాన్‌లా కాకుండా ఈ రకం బ్లోయర్ వెనక్కి తిరిగినా గాలి అదే వైపు వస్తుంది, కానీ బాగా తక్కువ. గాలి వస్తోంది కదా అని ఎవరూ అనుమానించరు. బాడీ మీది బాణం గుర్తుతో తిరిగే దిశ సరిచూడటం ఒక్క నిమిషం పని. ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు దుమ్ముకి ఫ్రెష్ ఎయిర్ ఫిల్టర్ వారానికోసారి కడగకపోతే మూసుకుపోయి, కిచెన్ మళ్ళీ మొదటి జబ్బుకే వస్తుంది. హుడ్ బ్యాఫిల్ ఫిల్టర్లు (జిడ్డు పట్టే మడతల రేకులు) రోజూ వేడి సోడా నీళ్ళలో కడగాలి, చైనీస్ రేంజ్ గట్టిగా నడిచేచోట డక్టు లోపల మూడు నెలలకోసారి గీకించాలి. కొత్త బెల్టు మొదటి వారంలోనే సాగుతుంది, తప్పకుండా బిగించాలి.

కొటేషన్ మీద "3,500 సీఎఫ్ఎం" అని మాత్రమే ఉంటే దానికి అర్థం లేదు. ఎన్ని మిల్లీమీటర్ల స్టాటిక్ ప్రెషర్ (దారిలోని అడ్డంకులు దాటడానికి కావాల్సిన ఒత్తిడి) దగ్గర అన్నది రాయించండి. ఫిల్టరు, ప్యాడ్, డక్టు, జాలీ కలిపి ఫ్రెష్ ఎయిర్‌కి 20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 40 దాకా లెక్కపెట్టుకోవచ్చు. అలా చూస్తే ఫ్రెష్ ఎయిర్‌కి ఒకటిన్నర హెచ్‌పీ, ఎగ్జాస్ట్‌కి మూడు హెచ్‌పీ సరిపోతాయి. ఐదు హెచ్‌పీ అమ్మజూపితే ఎందుకో అడగండి. ప్యాడ్ సైజు, మందం, మోటారు కంపెనీ, రేకు గేజి, కాన్వాస్, స్ప్రింగు మౌంట్లు, వైరింగ్, డ్రెయిన్ పైపు ఎవరి ఖాతాలో వస్తాయో కాగితం మీద ఉండాలి.

చివరి వాయిదా డబ్బు టెస్ట్ అయ్యేదాకా ఇవ్వకండి. టెస్ట్ అంటే అన్ని తలుపులూ మూసి, అన్ని పొయ్యిలూ వెలిగించి, రెండు బ్లోయర్లూ నడిపి చూడటం. వెలిగించిన అగరబత్తిని హుడ్ అంచు చుట్టూ, మూలల దగ్గర మరీ జాగ్రత్తగా, అంగుళం కింద పట్టుకుని నడవండి. పొగ లోపలికే వంగాలి. మూల దగ్గర బయటికి జారితే ఆ పక్కన ఒక స్టెయిన్‌లెస్ రేకు అడ్డం పెట్టిస్తే చాలాసార్లు సరిపోతుంది. మానోమీటర్ (గాలి ఒత్తిడి తేడా కొలిచే పరికరం) గొట్టం ఒకటి కిచెన్‌లో, ఒకటి డైనింగ్‌లో పెట్టిస్తే తేడా 5 పాస్కల్స్ లోపు ఉండాలి, కిచెన్ వైపే తక్కువ చూపించాలి. తర్వాత మూకుడులో నూనె కాగనిచ్చి నాలుగు ఎండుమిరపకాయలు వేయించమనండి, హాల్లో ఒక మనిషిని కూర్చోబెట్టండి. అతను దగ్గకపోతే చెక్కు ఇచ్చేయొచ్చు.